ఫిర్యాదు పత్రములలో నిలిచిన పాట: మెక్సికో జానపద కళాకారులు, క్రైస్తవ సంఘము

ఉపోద్ఘాతము

1852 మే 7వ తేదీన పశ్చిమ మెక్సికోలోని రోసమొరాద అనే ఊరి కతోలిక విచారణ గురువు కోస్మె సాంత ఆనా, గ్వాదలహార పీఠాధిపతి దియేగో అరాందకు ఒక ఉత్తరము వ్రాశాడు. పరిశుద్ధ శనివారమున ఆరాధన ముగించుకొని బయటకు వచ్చేసరికి గుడి ఎదుటి మైదానములోనే ఫాందాంగో అనే ఆటపాటలు సాగుతున్నవని, ఒకవైపు జూదము, మరొకవైపు తాగుడు, గుర్రములపై కేకలు వేస్తూ తిరిగేవారు కనబడ్డారని ఆయన వాపోయాడు. తాను స్వయముగా వెళ్లి వాద్యములు పట్టుకొన్నప్పటికీ ఆట ఆగలేదని తెలిపాడు. ఇట్టి ఆటలను ఈ ప్రాంతపు జనులు సాధారణముగా ‘మరియాచి’ అంటారని కూడ అందులో పేర్కొన్నాడు.

నేడు మెక్సికో పేరు చెప్పగానే వెడల్పాటి టోపీలు, వెండి గుండీల దుస్తులు, వయొలిన్లు, బాకాలతో కూడిన మరియాచి మేళము లోకమంతటికీ గుర్తుకు వస్తుంది. పెండ్లి అనే అర్థమిచ్చే ఫ్రెంచి మాటనుండి ఈ పేరు పుట్టినదని, 1860లలో ఫ్రెంచి సైన్యములు మెక్సికోను ఆక్రమించినప్పుడు ఈ మాట అక్కడికి చేరినదని చాలకాలము చెప్పుకొన్నారు. 1981లో చరిత్రకారుడు ఝాఁ మెయెర్ పై ఉత్తరమును వెలుగులోనికి తెచ్చిన తరువాత ఆ వాదము నిలువలేదు. ఫ్రెంచివారు రాకమునుపే ఆ మాట పల్లెజనుల నోట నున్నదని రుజువైంది. ఆ రుజువు ఒక గాయకుని పుస్తకములో దొరకలేదు. ఆ గాయకులను మానిపించదలచిన కాపరి ఫిర్యాదులో దొరికింది.

మెక్సికో జానపద సంగీత నృత్యముల చరిత్రలో ఇది ఒంటరి సంఘటన కాదు. నాలుగు వందల యేండ్ల చరిత్రలో సంఘము ఆ పాటలకు ఒకప్పుడు గురువుగా, ఒకప్పుడు న్యాయాధిపతిగా, మరొకప్పుడు ఆశ్రయముగా కనబడుతుంది. ఈ వ్యాసములో మేము పరిశీలింపగోరేది ఒక్క ప్రశ్న: ఆ పాటలను, అడుగులను ఇంతకాలము బ్రతికించినది ఏమిటి? నిషేధము తొలగిపోవుటయా? ప్రభుత్వ ఆదరణయా? గొప్ప వేదికలా? వీటన్నిటికీ కొంత పాత్ర ఉన్నది. అయినను పాటను దాని సందర్భమునుండి విడదీయక, ఆ సందర్భములోనే పిల్లలకు నేర్పిన కళాకారుల వలననే ఆ సంప్రదాయము నిలిచినదని మా అభిప్రాయము. సందర్భమనగా పండుగ, మ్రొక్కుబడి, పెండ్లి, చావు, పంట. ఈ మాటను ఆధారములతో చూపించుటకు ప్రయత్నిస్తాము.

1. పాత అడుగులు, కొత్త మాటలు

1521 ఆగస్టు 13న అస్తెకుల రాజధాని తెనోచ్‌తిత్లాన్ స్పెయిను సైన్యమునకు లోబడింది. రెండేండ్లకు, అనగా 1523లో, ఫ్లాండర్సు దేశపు ఫ్రాన్సిస్కన్ సహోదరుడు పేద్రో దె గాంతె అక్కడికి చేరాడు. ఆయన గురుపట్టము పుచ్చుకొనలేదు. 1572లో మరణించేవరకు పిల్లలకు చదువు, చేతిపనులు, సంగీతము నేర్పుతూ గడిపాడు. 1558లో స్పెయిను రాజైన రెండవ ఫిలిప్పుకు వ్రాసిన ఉత్తరములో తన తొలి సంవత్సరముల నిస్సహాయతను దాచుకొనలేదు. మొదటి మూడేండ్లకు పైగా తమ బోధకు జనులు దగ్గరకే రాలేదని, తరువాత తాను ఒక సంగతి గమనించానని చెప్పాడు. ఈ జనుల ఆరాధన అంతయు తమ దేవతలయెదుట పాడుట, ఆడుటయే. కనుక దేవుని ధర్మమును గూర్చి, క్రీస్తు జననమును గూర్చి తాను పాటలు కూర్చి వారికిచ్చాడు. ఆడేటప్పుడు కప్పుకొనే వస్త్రములపై వేసుకొనుటకు కొత్త చిత్రములు కూడ ఇచ్చాడు. అప్పటినుండి జనులు రాసాగారని ఆయన సాక్ష్యము.

ఈ పద్ధతిని ఇంకను విస్తారముగా చేసినవాడు బెర్నార్దీనో దె సహాగున్. నావాత్ల్ భాషలో ఆయన కూర్చిన కీర్తనల గ్రంథము ‘సల్మోదియా క్రిస్తియానా’ 1583లో మెక్సికో నగరములో అచ్చయింది. ఆయన జీవితకాలములో అచ్చయిన ఆయన గ్రంథము ఇది ఒక్కటే. పండుగ దినములలో జనులు పాత పాటలు విడిచి ఈ పాటలు పాడుతూ ఆడవలెనని ఆయన ఉద్దేశము. అయితే చాల చోట్ల పాత పాటలే మరల పాడుకొంటున్నారని ఆయనే ముందుమాటలో విచారము వెలిబుచ్చాడు.

ఈ మార్గము అందరు సంఘపెద్దలకు నచ్చలేదు. 1555లో కూడిన మొదటి మెక్సికో ప్రాంతీయ సభ, దేవాలయములలో దేశీయ గాయకుల సంఖ్యను, బాకాలు మొదలగు వాద్యములను తగ్గించవలెనని, ఆరాధనకు తగిన వాద్యము ఆర్గనేయని తీర్మానించింది. నిలువుగా నిలబెట్టి చేతులతో కొట్టే ‘వెవెత్ల్’ అనే డోలు, దుంగను తొలిచి చేసిన ‘తెపొనాస్త్లి’ అనే వాద్యము పూర్వపు బలులతో ముడిపడియున్నవి గనుక వాటిని గూర్చిన అనుమానము ఎన్నడూ తీరలేదు. ఆ అనుమానము కారణములేనిదని మేము అనలేము. ఆ డోలు చప్పుడులోనే నరబలులు జరిగినవని గాంతె, సహాగున్‌లకు కూడ బాగుగా తెలియును. అయినను జనులు ఆడే అలవాటును చంపక, ఆ అడుగులకు వేరొక అర్థమునిచ్చుటకు వారు పూనుకొన్నారు. అందువలన పండుగ దినమున గుడి ఆవరణలో ఆడుట అనేది మెక్సికో గ్రామ జీవితములో స్థిరపడిపోయింది. తరువాతి శతాబ్దములలో నృత్యము దాచుకొనిన చోటు అదే.

2. నిషేధము భద్రపరచిన పాట

వెరాక్రూజ్ రేవు స్పెయిను ఓడలకు ద్వారము. బానిసలుగా తేబడిన ఆఫ్రికావారు, స్పెయిను నావికులు, దేశీయ జనులు అక్కడ ఒకే వీధిలో జీవించారు. ముగ్గురి సంగీతము కలిసి ‘సోన్ హరోచో’ అనే పాటల సంప్రదాయమైంది.

1766లో ఈ రేవులో ‘చుచుంబే’ అనే పాట, ఆట బహుగా వ్యాపించినవని మెక్సికో మతవిచారణ సభకు, అనగా ఇన్‌క్విజిషన్‌కు, ఫిర్యాదు అందింది. హవానానుండి వచ్చిన ఓడల ద్వారా ఇది చేరినదని, శరీరములు తాకేటట్లు ఆడుతున్నారని, సన్యాసులను ఎగతాళి చేసే చరణములున్నవని ఫిర్యాదుదారుడు వ్రాశాడు. సభవారు ఆ చరణముల ప్రతిని తెప్పించుకొన్నారు. పాడినవారికి, ఆడినవారికి సంఘ బహిష్కరణ తప్పదని ప్రకటన వెలువడింది.

ఇక్కడ రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఆ పాటను కట్టినవారు చదువులేని బీదలు. వారిలో అనేకులు నల్లవారు, మిశ్రమ జాతులవారు. తమను పాలించే గురువుల లోపములను చెప్పుకొనుటకు వారికి న్యాయస్థానము లేదు, పత్రిక లేదు. పాట ఒక్కటే ఉన్నది. చరణములలో అసభ్యత ఉన్నమాట నిజమే. దానితోపాటు ఒక న్యాయమైన ఆరోపణ కూడ ఉన్నది. విచారణ సభ మొదటిదానిని మాత్రమే విన్నది. రెండవది, ఎవరూ అచ్చువేయని ఆ చరణములు నేడు మనకు తెలియుటకు కారణము ఆ సభ దస్తావేజులే. 1571లో మెక్సికోలో స్థాపింపబడి 1820లో రద్దయిన ఆ సభ కాగితములు జాతీయ దస్తావేజుల భాండారములో భద్రముగా నున్నవి. ఇరువదవ శతాబ్దపు చివరిభాగములో వెరాక్రూజ్ యువకులు ఆ కాగితములలోని చరణములు తీసికొని చుచుంబేను మరల పాడనారంభించారు. ఒక బృందము ఆ పేరే పెట్టుకొన్నది.

అయితే కాగితము మాటలను కాపాడగలదు గాని అడుగును, వరుసను కాపాడలేదు. చుచుంబే పాత వరుస పోయింది. ఇప్పుడు పాడేది కొత్త వరుస. నిషేధింపబడినప్పటికీ గ్రామములలో ఎడతెగక పాడబడిన ఇతర సోన్ పాటలకు వరుసలు నిలిచియున్నవి. జనుల నోట నిలుచుటకును, భాండారములో నిలుచుటకును గల భేదము ఇదే.

3. బడికి, వేదికకు

1910లో మొదలైన విప్లవము తరువాత మెక్సికో ప్రభుత్వము దేశమును ఒక్కటిగా కూర్చదలచింది. 1921లో విద్యామంత్రిత్వశాఖ ఏర్పడి హొసె వాస్కొన్సేలోస్ దానికి తొలి మంత్రియైనాడు. 1923నుండి ‘సాంస్కృతిక మిషనులు’ అనే పేరుతో ఉపాధ్యాయుల బృందములు పల్లెలకు పంపబడినవి. ఆ పేరు వారు ఊరకనే పెట్టుకొనలేదు. పదునారవ శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ మిషనరీల మాదిరిని ప్రభుత్వము తెలిసియే తీసికొన్నది. ఈ ఉపాధ్యాయులు పల్లెల పాటలు, ఆటలు వ్రాసికొని వచ్చి బడిపిల్లలకు నేర్పారు. హలీస్కో ప్రాంతపు ‘హరాబె తపతీయో’ దేశీయ నృత్యముగా బడులన్నిటిలో అడుగుపెట్టింది. రష్యా నర్తకి అన్నా పావ్లోవా 1919లో మెక్సికోలో దానిని తన నృత్యరీతిలో ఆడి అప్పటికే పేరు తెచ్చియున్నది. ఇదే హరాబె జాతి పాటలు, ఆటలు వలసపాలన చివరి దినములలో నిషేధమునకు గురియైనవని జ్ఞాపకముంచుకొనవలెను.

రేడియో, సినిమాలు వచ్చిన తరువాత మార్పు మరింత వేగవంతమైంది. 1930లో ఎక్స్‌ఈడబ్ల్యు రేడియో కేంద్రము ఆరంభమైంది. పందొమ్మిదవ శతాబ్దపు చివర తెకలిత్లాన్ పట్టణములో గస్పర్ వర్గాస్ స్థాపించిన మేళమును ఆయన కుమారుడు సిల్వెస్త్రె రాజధానికి తీసికొనిపోయాడు. తీగెవాద్యములతో సాగిన పల్లె మరియాచిలో రేడియో కొరకు, సినిమా కొరకు బాకాలు స్థిరపడినవి. పొలములో పనిచేసేవారి తెల్లని నూలుబట్టలు పోయి భూస్వాముల గుర్రపుస్వారీ దుస్తులు వచ్చినవి. వెరాక్రూజ్ పాటలకు కూడ ఇదే జరిగింది. ‘లా బంబా’ 1946 అధ్యక్ష ఎన్నికలలో మిగెల్ అలెమాన్ ప్రచారగీతమైంది. 1958లో అమెరికాలోని మెక్సికో సంతతి యువకుడు రిచీ వాలెన్స్ దానిని రాక్ పాటగా లోకమంతటికీ వినిపించాడు. పల్లె పెండ్లిలో వధూవరులు చేతులు తగలకుండ పాదములతోనే నేలమీది రిబ్బనును ముడివేస్తూ ఆడే పాట అదియని విన్నవారిలో ఎంతమందికి తెలియును?

ఈ వేదిక యుగములో అందరికంటె గొప్ప పేరు అమాలియా హెర్నాందెస్ (1917–2000) గారిది. 1952లో ఎనిమిదిమంది నర్తకులతో ఆమె ఆరంభించిన బృందము మెక్సికో జానపద బాలేగా పెరిగింది. 1959నుండి రాజధానిలోని లలితకళల భవనము దానికి నిలయమైంది. 1961లో పారిస్ నగరపు దేశముల నాట్యోత్సవములో అది ప్రథమ బహుమానము పొందింది. పల్లె నృత్యములను యథాతథముగా చూపక, నాటకశాలకు తగినట్లు దీపములు, రంగులు, వేగము కలిపి ఆమె కూర్చింది. అందువలన కొందరు పరిశోధకులు ఆమెను విమర్శించారు. మరొకవైపు ఆ ప్రదర్శనలు చూచిన వేలాదిమంది పట్టణ యువతీయువకులు తమ దేశపు పల్లెలలో సిగ్గుపడవలసినది ఏదియు లేదని గ్రహించారు. ఈ మేలును తక్కువచేయుట న్యాయము కాదు. కాని ఒక ప్రశ్న మిగులుతుంది. వేదికమీద పది నిమిషములలో ముగిసే ఆట, పల్లెలో రాత్రంతా ఎందుకు సాగుతుంది?

4. బల్ల చుట్టు తిరిగి చేరినవారు

ఈ ప్రశ్నకు వెరాక్రూజ్ కళాకారులు ఇచ్చిన జవాబు మాకు ముఖ్యమైనదిగా తోస్తుంది. 1970ల నాటికి అక్కడి పల్లెలలో ఫాందాంగో చాల చోట్ల ఆగిపోయింది. భోజనశాలలలోను, పర్యాటకుల ఎదుటను తెల్లని దుస్తుల బృందములు వేగముగా వాయించేదే సోన్ హరోచో అని లోకము తలంచింది. 1969లో జాతీయ మానవశాస్త్ర చరిత్ర సంస్థ వెరాక్రూజ్ పల్లె పాటలను రికార్డుగా తెచ్చింది. అందులో ఆర్కాదియో హిదాల్గో అనే వృద్ధుని కంఠమున్నది. ఆయన వ్యవసాయ కూలి, యౌవనమున విప్లవములో పాల్గొన్నవాడు, ఆశువుగా చరణములు కట్టగలవాడు. 1977లో హిల్బెర్తో గుతియెర్రెస్, హొసె ఆంహెల్ గుతియెర్రెస్, హువాన్ పస్కో అనేవారు ‘మోనో బ్లాంకో’ అనే బృందమును ఆరంభించారు. అప్పటికే ఎనుబదియేండ్లు దాటిన హిదాల్గోను తమతో కలుపుకొన్నారు.

ఈ బృందము వేదికమీద పాడుటతో తృప్తిపడలేదు. గ్రామములకు వెళ్లి వృద్ధులవద్ద కూర్చొని వరుసలు నేర్చుకొన్నారు. పిల్లలకు వాయించుట, ఆడుట, చరణము కట్టుట నేర్పే తరగతులు పెట్టారు. ఒకే దేవదారు చెక్కను తొలిచి హరానా అనే చిన్న గిటారును చేసే పనిని మరల నేర్పారు. అన్నిటికంటె ముఖ్యముగా ఫాందాంగోను మరల ఊరి మధ్యకు తెచ్చారు. 1979నుండి పాపలోఆపాన్ నది ఒడ్డునున్న త్లాకొతల్పాన్ పట్టణములో, ఫిబ్రవరి 2న జరిగే కొవ్వొత్తుల పండుగ దినములలో, హరానా వాయించేవారి కూడిక జరుగుతూ వచ్చింది. పండుగ మరియమాత పేరిటది. కూడిక రేడియో సాయముతో మొదలైంది. పాట మాత్రము పల్లెవారిది.

ఫాందాంగో జరిగే తీరును కొంచెము వివరించుట అవసరము. మధ్యలో ‘తరిమా’ అనే చెక్కబల్ల ఉంటుంది. దానిచుట్టు వాద్యగాళ్లు నిలబడతారు. పెద్దలు బల్లకు దగ్గరగాను, నేర్చుకొనేవారు వెనుక వరుసలోను నిలిచి పెద్దల చేతులు చూచి వాయిస్తారు. కొన్ని పాటలకు స్త్రీలు మాత్రమే, కొన్నిటికి జంటలు బల్లనెక్కి పాదములతో తాళము వేస్తారు. ఆ బల్లయే ఒక డోలు. ఒకరు చరణము పాడేటప్పుడు ఆడేవారు మాట వినబడునట్లు అడుగును తగ్గిస్తారు. చరణము ముగిసిన తరువాత మరల గట్టిగా వేస్తారు. ఒకరు కట్టిన చరణమునకు ఇంకొకరు జవాబిస్తారు. ఆడేవారు అలసిపోగా మరొకరు వచ్చి వారి స్థానము తీసికొంటారు. చూచేవారు వేరు, ఆడేవారు వేరు అన్న గీత అక్కడ లేదు. ఎంతసేపు అన్న లెక్కయు లేదు. పట్టణపు వేదిక ఈ పాటలోనుండి మొదట తీసివేసినది ఈ వినికిడి మర్యాదనే. మోనో బ్లాంకోవారు తిరిగి తెచ్చినదియు దీనినే.

ఈ ఉద్యమము సరిహద్దు దాటింది. బ్రతుకుతెరువుకై అమెరికాకు వలసపోయినవారి పిల్లలు లాస్ ఏంజెలిస్ మొదలగు పట్టణములలో హరానా నేర్చుకొన్నారు. 2008లో మొదలైన ‘ఫాందాంగో ఫ్రాంతెరీసో’ అనే కూడికలో, తిహువానా సాన్ దియేగోల మధ్యనున్న సరిహద్దు కంచెకు ఇరువైపుల కళాకారులు చేరి, కంచెయే మధ్యగా ఒకే పాట పాడారు. ఇవతలివారు ఒక చరణము పాడగా అవతలివారు జవాబిచ్చారు.

5. మ్రొక్కుబడిగా ఆడేవారు

వాయవ్య మెక్సికోలోని సొనోరా ప్రాంతపు యాకి జనుల మధ్య 1617లో యేసుసభ గురువులు పరిచర్య ఆరంభించారు. 1767లో స్పెయిను రాజు ఆ గురువులను తన రాజ్యములన్నిటినుండి వెళ్లగొట్టాడు. కాపరులు పోయినను యాకివారు శ్రమ దినముల ఆచారములను తామే నడుపుకొన్నారు. పందొమ్మిదవ శతాబ్దపు చివరను, ఇరువదవ శతాబ్దపు ఆరంభమునను పొర్ఫీరియో దియాస్ ప్రభుత్వము వారి భూములకొరకు యుద్ధముచేసి, వేలాదిమందిని పట్టి దూరపు యుకతాన్‌లోని నారతోటలకు వెట్టిపనికి పంపింది. కొందరు అరిజోనాకు పారిపోయారు. అక్కడ తాము యాకివారమని చెప్పుకొనుటకే వెరచిన దినములు గడచిన తరువాత, వారు మొదట మరల చేపట్టినవాటిలో పునరుత్థాన పండుగ ఆచారము ఒకటి. 137వ కీర్తనలోని ప్రశ్న, అన్యదేశములో ఎట్లు పాడగలమన్నది, వారి విషయములో అలంకారము కాదు.

ఆ ఆచారములో జింక నర్తకుడు తలపై జింకతల ధరించి, యాకి భాషలో పాడబడే పాటలకు ఆడతాడు. ఆ పాటలు పూలు విరిసిన అరణ్యలోకమును గూర్చినవి. శ్రమ దినములలో ముసుగులు ధరించినవారు క్రీస్తును వెదకి పట్టుకొనే శత్రువులుగా ఊరంతా తిరుగుతారు. పరిశుద్ధ శనివారమున వారు గుడిమీదికి దండెత్తి వస్తారు. గుడి పక్షమువారు వారిమీద పూలు చల్లి వారిని ఓడిస్తారు. జింక నర్తకుడును ఆ పక్షముననే ఆడతాడు. సిలువ క్రింద పడిన క్రీస్తు రక్తము పూలుగా మారినదని యాకివారు చెప్పుకొంటారు. తరువాత ముసుగులు కాల్చివేస్తారు. మిషనరీలు తెచ్చిన కథ, వారికంటె ముందున్న అరణ్యపు పాట ఈ పూలలో కలిశాయి.

ఆ వేషములు వేసేవారిలో పలువురు వ్యాధివలననో ఆపదవలననో దేవునికి మ్రొక్కుకొని, ఆ మ్రొక్కుబడి చెల్లించుటకు ఎండలో వారములతరబడి శ్రమపడతారు. వారికి జీతము లేదు, చప్పట్లు లేవు. జింక నృత్యము అమాలియా హెర్నాందెస్ బృందపు ప్రదర్శనలలో కూడ మిక్కిలి ప్రసిద్ధమైనది. వేదికమీది నర్తకుని నైపుణ్యము గొప్పదే. అయితే వేదికమీద జింక వేటగానిచేత చనిపోయినంతట కథ ముగుస్తుంది. యాకి ఊరిలో మరుసటి దినము పునరుత్థాన ఆదివారము.

6. గుడి లోపలి మరియాచి, గుడి బయటి నిర్బంధము

1963లో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ఆరాధన శాసనము, మిషను ప్రాంతములలోని జనుల సంగీత సంప్రదాయములకు తగిన స్థానమివ్వవలెనని చెప్పింది. 1966లో కుయెర్నవాక ప్రధానాలయములో పీఠాధిపతి సెర్హియో మెందెస్ ఆర్సెయో కాలమున, కెనడా దేశపు గురువు ఝాఁ మార్క్ లెక్లెర్ కూర్చిన ‘పాన్ అమెరికన్ పూజ’ మరియాచి వాద్యములతో జరిగింది. ఆ పద్ధతి త్వరలోనే మెక్సికో అంతటను, అమెరికాలోని మెక్సికోవారి గుడులలోను వ్యాపించింది. రోసమొరాద గురువు వాద్యములు పట్టుకొన్న నాటికి నూట పద్నాలుగు సంవత్సరముల తరువాత అవే వాద్యములు బలిపీఠము ప్రక్కకు చేరినవి.

ఇంతమాత్రమున సంప్రదాయమంతయు మంచిదని, దానిని ప్రశ్నించినవారందరు దోషులని మనము తలంచరాదు. చియాపాస్ రాష్ట్రములోని సాన్ హువాన్ చమూలలో 1974నుండి ప్రొటెస్టెంటు విశ్వాసులు వేలాదిగా ఊరినుండి వెళ్లగొట్టబడ్డారు. పండుగ ఖర్చులకు చందా ఇవ్వమని, ఆ ఆచారములలో పాల్గొనమని వారు చెప్పుట అందుకు చూపబడిన కారణము. దాని వెనుక ఊరి పెద్దల అధికారము, మద్యపు వ్యాపారము ఉన్నవని పరిశీలకులు చూపించారు. ఇండ్లు పోగొట్టుకొన్న ఆ కుటుంబములు సాన్ క్రిస్తోబాల్ పట్టణపు అంచులలో కొత్త పేటలు కట్టుకొన్నవి. పండుగ స్వేచ్ఛగా మ్రొక్కుకొన్నవారిది అయినంతకాలము అది జీవము. అది నిర్బంధమైన దినమున అదే ఒక విచారణ సభగా మారగలదు. సంప్రదాయమును ప్రేమించేవారు ఈ మాట మరువరాదు.

7. లోకపు గుర్తింపు

ఇరువదియొకటవ శతాబ్దములో యునెస్కో మెక్సికో కళలను తన మానవజాతి వారసత్వ పట్టికలో చేర్చింది. 2009లో ‘వొలదోర్’ ఆచారము, 2010లో మిచోఆకాన్ ప్రాంతపు పురెపెచ జనుల ‘పిరెకువ’ పాట, 2011లో మరియాచి చేరినవి. వొలదోర్ ఆచారములో అయిదుగురు ఎత్తైన స్తంభమునెక్కుతారు. ఒకడు పైన నిలిచి వేణువు, చిన్న డోలు వాయించగా నలుగురు త్రాళ్లతో తలక్రిందులుగా తిరుగుతూ దిగుతారు. ఒక్కొక్కరు పదమూడు చుట్లు, మొత్తము యాబదిరెండు. ఇది పూర్వపు పంచాంగపు లెక్క. కుయెత్సాలాన్‌లో ఆ స్తంభము గుడి ఎదుటనే నిలిచియున్నది. పపాంత్ల ప్రాంతములో తొతొనాకు పెద్దలు పిల్లలకు ఈ విద్యను చిన్ననాటినుండి నేర్పుతున్నారు. అక్కడి దేశీయ కళల కేంద్రమును 2012లో యునెస్కో మంచి పరిరక్షణ పద్ధతికి మాదిరిగా పేర్కొన్నది.

పిరెకువ విషయము మరొకరీతిగా నడచింది. తమ భాషలో తమ ప్రేమను, మృతులను, ఊరిని గూర్చి పాడుకొనే పాటను పట్టికలో చేర్చేటప్పుడు తమను అడుగలేదని పురెపెచ గాయకులు, సమాజములవారు బహిరంగముగా నిరసించారు. ఇందుచేత పర్యాటక వ్యాపారమునకే మేలు కలిగినదని వారి వాదము. యునెస్కో 2003 ఒడంబడిక ప్రకారమే సమాజముల పాత్ర, అంగీకారము అవసరము. గౌరవము చేయునప్పుడు కూడ, పాడేవానిని అడుగకుండ అతని పాటను తీసికొనవచ్చునని ఈ సంఘటన చూపింది. వలసకాలపు నిషేధములో పాడేవాని మాట ఎవరూ అడుగలేదు. ఈనాటి సన్మానములోను అట్లే జరిగినదని పురెపెచవారి బాధ.

ముగింపు

పైన చూచిన చరిత్రనుండి మేము గ్రహించినది ఇది. నిషేధము పాటను చంపలేదు. కాగితము మాటను కాపాడింది గాని వరుసను కాపాడలేదు. వేదిక పాటకు గౌరవమునిచ్చింది, కాని సందర్భమును కోసివేసింది. పాటను నిజముగా నిలిపినవారు వెనుక వరుసలోని పిల్లవానికి చేయి చూపించిన ఫాందాంగో పెద్దలు, మ్రొక్కుబడి చెల్లించిన యాకి నర్తకులు, వృద్ధుని వెదకుకొంటూ పల్లెకు పోయిన యువకులు. సంఘము వీరికి శత్రువైన దినములున్నవి, ఆవరణమిచ్చిన దినములును ఉన్నవి. ఆవరణమిచ్చినప్పుడు సంఘము కూడ లాభపడింది. యాకివారి మధ్యనుండి గురువులు వెళ్లగొట్టబడిన తరువాత క్రీస్తు శ్రమల కథను అక్కడ తరతరములు నిలిపినవారిలో ఈ నర్తకులు, గాయకులు ఉన్నారు.

తెలుగు సంఘమునకు ఈ ప్రశ్న పరాయిది కాదు. పురుషోత్తమ చౌధరి (1803–1890) దేశీయ రాగములలో కీర్తనలు కూర్చినప్పుడు గాంతె ఎదుర్కొన్న ప్రశ్ననే ఎదుర్కొన్నాడు. ఆయన ఇచ్చిన జవాబును మనము నేటికిని ఆదివారము పాడుకొంటున్నాము. అయితే మన పల్లెల డప్పు, కోలాటము, చెక్కభజన, ఏడ్పుపాటలు గుడి గడపకు ఏ వైపున ఉండవలెనన్న చర్చ మన మధ్య ముగియలేదు. దానికి మెక్సికోనుండి సిద్ధమైన తీర్పు దిగుమతి చేసికొనమని మేము చెప్పము. ఒక క్రమము మాత్రము నేర్చుకొనవచ్చును. తీర్పు చెప్పకమునుపు విచారణ గురువు అడుగవలసిన ప్రశ్నలున్నవి: ఈ పాట ఎవరిది? ఏ సందర్భమున పాడతారు? అది ఎవరి బాధను చెప్పుతున్నది? పాల్గొనుట స్వేచ్ఛయా, నిర్బంధమా? దీనిని పిల్లలకు ఎవరు నేర్పుతున్నారు? ఈ ప్రశ్నలడుగుటకు పాడేవారి దగ్గర కూర్చొనవలెను.

సెమినరీ విద్యార్థులకు ఒక మాట. మీ సంఘములలో ఎనుబదియేండ్లు దాటిన వృద్ధులు ఇంకను ఉన్నారు. పాటల పుస్తకములలో చేరని క్రైస్తవ జానపద పాటలు, పెండ్లిపాటలు, సమాధికడ పాడే పాటలు వారికి వచ్చును. వాటిని వారి వరుసలోనే రికార్డు చేసి, వారి పేరుతో, వారి అనుమతితో భద్రపరచండి. అంతటితో ఆపక, వారిని బడిపిల్లల ఎదుట కూర్చుండబెట్టి నేర్పించండి. హిదాల్గో కంఠము 1969లోనే రికార్డులో చేరింది. ఆ పాట పిల్లల చేతులలోనికి చేరుటకు మాత్రము ఎవరో ఆయనయొద్దకు వెళ్లి కూర్చొనవలసి వచ్చింది.